ముడిలో మూత

పోయిన వారం ప్రేమమ్మను వినుకొండ ఆసుపత్రి వరండాలో, గోడకు చేరగిలబడి కూర్చున్నదాన్ని అలాగే వదిలేసి వచ్చాం. లోపల మంచం మీద ఉన్నది ఆమె కోడలు ఫెబా, కడుపుతో ఉన్న పిల్ల. శుక్రవారం శ్రీకృష్ణ మిరపచేలో కోతకు దిగిన ముఠాలో అందరికంటే హుషారుగా పాటందుకున్న పిల్ల, మధ్యాహ్నానికల్లా ఒడినిండా పండు మిరపకాయలతో సాలు మధ్యలో కూలబడిపోయింది. ఆ ముఠాకు మేస్త్రి ప్రేమమ్మే. ఆ చేలో దిగండని చెప్పిందీ ప్రేమమ్మే. ముందురోజు సాయంత్రం చేనుకు మందు కొట్టారన్న సంగతి పిల్ల పడిపోయాక గాని బయటపడలేదు. "నేను గుడ్డ కట్టాను, కళ్ళు పెట్టుకు చూడకుండా దిగారు" అంటాడు శ్రీకృష్ణ. "గుంజకు గుడ్డ లేదు, నా బిడ్డల మీద ఒట్టు" అంటుంది ప్రేమమ్మ. ఊరు రెండుగా చీలింది; టీ కొట్టు దగ్గర ఎవరికి తోచిన తీర్పు వాళ్ళు ఇచ్చేస్తున్నారు.

ఆ గుడ్డ సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. బొల్లిగుంటలో రైతులకూ కోత ముఠాలకూ మధ్య ఎప్పటినుంచో నోటిమాటగా నడుస్తున్న కట్టుబాటు అది. మందు కొట్టిన చేనికి మూల గుంజకు యూరియా సంచి చింపిన తెల్ల పీలిక కట్టాలి. అది గాలికి ఊగుతున్నంత కాలం చేలోకి మనిషి దిగకూడదు. కట్టినవాడే విప్పాలి. ఈ ఏడు వ్యవసాయాధికారి వచ్చి రైతుల్నీ మేస్త్రీల్నీ కూర్చోబెట్టి, "ముడిలో మందు సీసా మూత కూడా వేసి కట్టండయ్యా, ఎవరికైనా ఏమైనా అయితే ఏ మందో తెలుస్తుంది" అని చెప్పి వెళ్ళాడు. అందరూ తలలూపారు. తలలూపడంలో మన ఊళ్ళకు సాటి లేదు. మూత వేసి కట్టినవాళ్ళు మాత్రం తక్కువ.

ఆదివారం పొద్దున డాక్టరు ప్రేమమ్మను పక్కకు పిలిచాడు.

"మీ రైతు ఫోనులో వేప మందని చెప్పాడమ్మా. వేప మందుకు మనిషి ఇలా అవ్వదు. ఆ కంటిపాపలు చూశావా, ఎలా చిన్నవైపోయాయో? అసలు మందేదో కనుక్కుని చెప్పు. అది తెలిస్తే విరుగుడు సరిగ్గా ఇవ్వగలను. సాయంత్రం దాకా మాత్రం ఆగొద్దు."

కొడుకు ఎలీషాను భార్య మంచం దగ్గర ఉంచి, ప్రేమమ్మ దొరికిన ఆటో ఎక్కి ఊళ్ళో దిగింది. ఒంటి మీద శుక్రవారం కట్టిన చీరే. కొంగు నిండా మిరప మరకలు. మొహం కడుక్కోవాలని కూడా తోచలేదామెకు.

శ్రీకృష్ణ ఇంటికి పోవాలంటే చర్చి ముందునుంచే పోవాలి. లోపల ఆరాధన జరుగుతోంది. మైకులో మార్కు పాస్టరు గారి గొంతు ఊరంతా వినిపిస్తోంది. ఆయన మంచివాడే గాని ప్రార్థన మొదలుపెడితే ఆపడం ఆయన చేతుల్లో ఉండదు. ప్రేమవిందు ఉన్న ఆదివారాల్లో విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు ఒక కన్ను మూసి, ఒక కన్నుతో అన్నం చల్లారిపోవడం చూస్తుంటారు. ఇవాళ కోత పండుగ. ఇవాళా విందు ఉంది.

చర్చి వెనక పందిట్లోంచి సైమా పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఠాలో ప్రేమమ్మ తర్వాత మాట చెల్లేది ఆమెకే. మోచేతుల దాకా ఎర్రగా ఉంది.

"అత్తా, పిల్ల ఎట్టుంది?"

"ఉందే. ఉన్నదంటే ఉంది."

"నువ్వు దిగులు పెట్టుకోమాక. అందరం ఉపవాసం ఉండి ప్రార్థన చేశాం. మొదటి కోత ఒడి కాయలు దేవుడికేగా మనం ఇచ్చేది. ఈ సారి ఫెబా ఒళ్ళో కాయలు కూడా నేలన పడ్డవి పడ్డట్టు ఏరి తెచ్చి ఆమె పేరు మీద ఇచ్చాం. వేప మందేగా, నాలుగు నీళ్ళు కడిగి, మన ముఠా ఒడి కాయలన్నీ కలిపి పండుమిరప పచ్చడి నూరుతున్నా. వందమందికి సరిపోద్ది."

ప్రేమమ్మ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఏడుపు వచ్చేస్తే ఇక కాళ్ళు ముందుకు సాగవని ఆమెకు తెలుసు. సైమా భుజం తట్టి నడిచింది.

శ్రీకృష్ణది ఊరి నడుమ డాబా. వాకిట్లో నులకమంచం మీద అతని తల్లి సుబ్బరావమ్మ చింతపండు గింజ తీస్తోంది. తీస్తోంది అనడమే గాని, గింజలు చింతపండులోకి, చింతపండు గింజల్లోకి పోతున్నాయి. రెండ్రోజులుగా ఆవిడకు ఏ పనీ చేతికి అంటడం లేదు. గుమ్మానికి కొత్తగా నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయి. పక్కన గొడ్ల సావిడి గడపకు ఆ చివరనుంచి ఈ చివరకు వేపమండలు పరిచి ఉన్నాయి. ప్రేమమ్మ అవన్నీ చూసింది గాని పట్టించుకునే స్థితిలో లేదు.

"అమ్మగారూ, బాబు ఉన్నాడా?"

"ప్రేమమ్మా! పిల్లకెలా ఉందే? రా, కూర్చో."

"కూర్చోడానికి రాలేదమ్మా. బాబుని పిలవండి."

పిలవక్కర్లేకపోయింది. శ్రీకృష్ణ చెవి దగ్గర ఫోనుతో బయటికి వస్తున్నాడు. "రేపు పొద్దున శాంపిలుకు వచ్చేయండి సార్, కాయ ఫస్టుగా ఉంది. మందు వాసన కూడా ఉండదు" అంటున్నాడు. వాకిట్లో ప్రేమమ్మను చూసి ఫోను జేబులో పెట్టేశాడు. మందు అవశేషాలు లేని కాయే కొంటామన్న కంపెనీతో ఈ ఏడు ఒప్పందం రాసుకున్నాడతను. ఊళ్ళో మొదటిసారి అలాంటి ఒప్పందం. ఆ సంగతి నలుగురికీ చెప్పుకుని మురిశాడు కూడా.

"ఆసుపత్రి ఖర్చులు నేను చూసుకుంటానని చెప్పానుగా ప్రేమమ్మా. మళ్ళీ ఇంత దూరం ఎందుకు?"

"ఖర్చు మాట కాదు బాబూ. ఏ మందు కొట్టావు?"

"డాక్టరుకి చెప్పాను. వేప మందు."

"డాక్టరు కాదంటున్నాడు."

"ఆయనేమన్నా వచ్చి చూశాడా? ఎండకు పడిపోయిందేమో. పొద్దున ఏమీ తినకుండా వచ్చిందేమో."

"నా కోడలు సద్దన్నం తినే వచ్చింది. నా చేత్తో నేనే పెట్టా." ప్రేమమ్మ గొంతు పెరిగింది. "ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. నీ మీద కేసు లేదు, గొడవ లేదు. ఏ మందో చెప్పు చాలు. పిల్ల చచ్చిపోద్ది కృష్ణ బాబూ."

శ్రీకృష్ణ చూపు గోడ మీదకు పోయింది. చెడ్డవాడు కాదతను. ముఠాకు మజ్జిగ పంపించే రైతు. కిందటేడు ఫెబా పెళ్ళికి వచ్చి అక్షింతలు వేసి వెళ్ళినవాడు. నల్ల తామర పురుగు పూతంతా నాకేస్తుంటే గురువారం సాయంత్రం చేతికి దొరికిన మందు కొట్టేశాడు. మర్నాడు కోతకు రమ్మని ముఠాకు వారం కిందటే చెప్పి ఉన్నాడు. ఫోను చేసి వద్దనాలి. గుడ్డ ఉందిగా, చూసి వెనక్కి పోతార్లే అనుకుని గుంటూరు యార్డుకు వెళ్ళిపోయాడు. ఇప్పుడు నిజం చెబితే కంపెనీ పోతుంది, ఊళ్ళో మాట పోతుంది. అబద్ధం ఒకసారి నోట్లోంచి వచ్చాక దాన్ని మింగడం ఎవరికైనా కష్టమే.

"వేప మందే కొట్టాను" అన్నాడు. అని, తప్పంతా అవతలివాళ్ళదే అనిపించుకోవడానికి గొంతు పెంచాడు. "అయినా నన్నడుగుతావేంటి? గుడ్డ కట్టిన చేలో ముఠాను దింపింది నువ్వు. మేస్త్రివి. నీ కళ్ళు ఏమయ్యాయి?"

"గుడ్డ లేదు!"

"ఉంది! మూత కూడా వేసి కట్టాను నేను. ఆఫీసరు చెప్పినట్టు చేసింది ఈ ఊళ్ళో నేనొక్కడినే."

"తెల్ల పీలిక ఆ గుంజకు గాని, చుట్టుపక్కల కంపకు గాని ఉంటే నా కళ్ళు పోవాల!"

"తెల్లది ఎక్కడుంటుంది? సంచి దొరక్కపోతే ట్రాక్టరు వెనక కట్టే ఎర్ర గుడ్డ కట్టాను. ఈశాన్యం మూల, మీరు దిగే దారిలోనే కట్టాను. ఎర్ర గుడ్డ కూడా కనపడలేదా నీకు?"

సుబ్బరావమ్మ చేతిలో చింతపండు ముద్ద నేల మీద పడింది.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"ఎర్ర గుడ్డా?"

"అవునమ్మా. నువ్వు లోపలికెళ్ళు."

"ముడి వేసిందా? ముడిలో గట్టిగా ఏదో ఉన్నదా?"

శ్రీకృష్ణ బిత్తరపోయి చూశాడు. "నీకెలా తెలుసు?"

సుబ్బరావమ్మ నులకమంచం పట్టె పట్టుకుని లేచి నిలబడింది. ఆవిడకూ ఆవిడ తోడికోడలికీ ఆ ఈశాన్యం గట్టు దగ్గర తగాదా ఉన్న సంగతి ఊరందరికీ తెలిసిందే. గట్టు మీద ఒకరు నాటిన కంది మొక్క ఇంకొకరు పీకడం, ఒకరినొకరు మన్ను పట్టుకుని తిట్టుకోవడం, ఏళ్ళ తరబడి నడుస్తున్న భాగవతం. అలాంటి గట్టు మీద, ఆ గురువారం అమావాస్య నాడు, దీపాలు పెట్టే వేళకు చేను చూసొద్దామని వెళ్ళిన మనిషికి గుంజకు కట్టిన ఎర్ర గుడ్డ, అందులో ముడి, ముడిలో గట్టిగా ఏదో కనిపించాయి. మందు గుడ్డంటే ఆవిడకు తెలిసింది తెల్లటి సంచి పీలిక. మూత వేసి కట్టమన్న ఆఫీసరు మాట ఆ మీటింగులోనే ఉండిపోయింది, ఇంటిదాకా రాలేదు.

"మీ పిన్నమ్మ ఏదో చేయించిందనుకున్నా రా" అంది కొడుకుతో, ఏడుపు గొంతుతో. "పంట మీదా, నీ మీదా చేతబడి చేయించి కట్టించిందనుకున్నా. చేత్తో ముట్టుకోకుండా గుంజ మీంచి కర్రతో లాగేశా. ఆ రాత్రి నిద్ర పట్టలా నాకు. ఎవరికీ చెప్పకూడదు, చెబితే తగులుకుంటుందంటారని నోరు మూసుకున్నా. మందు గుడ్డ, మందు గుడ్డ అని మీరు రెండ్రోజులుగా అరుస్తుంటే, అయ్యో పాపం, ఎవరో ఆ తెల్ల పీలిక ఎత్తుకుపోయారే అనుకున్నా గాని... ఇది అదని నాకేం తెలుసురా."

మైకులో పాస్టరు గారు ఫెబా పేరు చెప్పి ప్రార్థన చేస్తున్నారు.

ప్రేమమ్మకు కోపం రావాలి. వచ్చింది కూడా. రెండ్రోజులుగా ఊరు ఊరంతా తనను అబద్ధాలకోరని అంటుంటే, కోడలి తల్లి కూడా అదోలా చూస్తుంటే పళ్ళబిగువున భరించింది. కానీ ఆ కోపాన్ని తోసుకుంటూ ఇంకో మాట ముందుకొచ్చింది.

"అమ్మగారూ. ఆ గుడ్డ ఏం చేశారు?"

"మంగళవారం నాడు స్వామి దగ్గరికి తీసుకెళ్ళి చేతబడి విరగ్గొట్టిద్దామని..." సుబ్బరావమ్మ చెయ్యి సావిడి వైపు లేచింది. "ఆ పాత కుండలో, ఉప్పు పోసి పెట్టా."

ప్రేమమ్మ కదిలింది. ఆమె కంటే ముందు శ్రీకృష్ణ కదిలాడు. సావిడి గుమ్మంలో, వేపమండల మీద నిలబడి, రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దు ప్రేమమ్మా. ఎందుకిప్పుడు? గుడ్డ కట్టానని తేలింది, నువ్వు వచ్చేసరికి లేదనీ తేలింది. ఇద్దరిదీ తప్పు లేదు. అక్కడితో వదిలెయ్."

"ఆ ముడి విప్పాల."

"విప్పితే ఏముంటుంది? మూతేగా!"

"వేప మందు మూతైతే ఆకుపచ్చగా ఉంటది. చూసి పోతా."

"నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

"లేదు బాబూ" అంది ప్రేమమ్మ. పుట్టి బుద్ధెరిగాక ఒక రైతు మొహం మీద ఆ మాట అనడం ఆమెకు ఇదే మొదటిసారి. అయినా చూపు దించలేదు. "లేదు. పక్కకు జరుగు."

శ్రీకృష్ణ జరగలేదు. ఆమెను తోసేయలేడు, దారి ఇవ్వలేడు. ప్రేమమ్మకు ఆ క్షణంలో, ముడి విప్పకుండానే సంగతి తెలిసిపోయింది. ఆకుపచ్చ మూతకు ఎవరూ ఇలా కాపలా కాయరు.

అప్పుడు సుబ్బరావమ్మ వచ్చింది. కొడుకు చేతి కిందినుంచి, నడుం వంచి లోపలికి దూరింది. "అమ్మా!" అన్నాడు శ్రీకృష్ణ. ఆవిడ వినలేదు. కుండ బోర్లించిన చప్పుడైంది. రెండ్రోజులుగా ముట్టుకుంటే ప్రాణం పోతుందని కర్రతో తిప్పిన గుడ్డను ఇప్పుడు ఒట్టి చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. ఉప్పు రాళ్ళు రాలుతున్నాయి. ముడి బిగుసుకుపోయి గోళ్ళకు లొంగకపోతే పళ్ళతో పట్టబోయింది. ప్రేమమ్మ చటుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నోట పెట్టకండమ్మా! మందు గుడ్డ అది."

ఇద్దరాడవాళ్ళూ చెరో కొసా పట్టుకుని లాగారు. ముడి విడింది. మూత దొర్లి గచ్చు మీద పడి, గుండ్రంగా తిరిగి, శ్రీకృష్ణ కాలి దగ్గర ఆగింది.

నీలం రంగు.

ఆ మందుకు డబ్బా మీద ఏదో పొడుగు పేరుంది గాని ఊళ్ళో ఎవరూ దాన్ని పేరుతో పిలవరు. నీలం మూత అంటారు. కోత దగ్గరపడ్డ చేనుకు కొట్టకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

సుబ్బరావమ్మ కొడుకు మొహంలోకి చూసింది. తిట్టలేదు. "చెప్పరా" అంది. "పేరు చెప్పు. కడుపుతో ఉందిరా ఆ పిల్ల."

ప్రేమమ్మ అప్పటికే ఎలీషాకు ఫోను కలిపింది. "డాక్టరు గారికియ్యి రా" అంది. అటువైపు గొంతు మారగానే ఫోను శ్రీకృష్ణ నోటి దగ్గర పెట్టింది. "నేను చెప్పను. నాకా ఇంగ్లీషు పేరు తిరగదు. అబద్ధం చెప్పింది నువ్వు, నిజం కూడా నువ్వే చెప్పు."

శ్రీకృష్ణ చెప్పాడు. మూత చేతిలోకి తీసుకుని, దాని మీది అక్షరాలు ఒక్కొక్కటే చదివి మరీ చెప్పాడు. ఎంత మోతాదు కలిపాడో చెప్పాడు. ఎప్పుడు కొట్టాడో చెప్పాడు. చెబుతూ చెబుతూ గచ్చు మీద కూలబడ్డాడు. అటునుంచి డాక్టరు నర్సుకు గబగబా ఏవో పురమాయించడం ప్రేమమ్మకు వినపడింది. తర్వాత ఆయన గొంతు: "ఇది ముందే చెప్పి ఉండాల్సిందయ్యా. అయినా ఇంకా టైముంది. చూద్దాం."

ఇంకా టైముంది. ఆ మాట విన్నాక ప్రేమమ్మకు రెండ్రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి నిండుగా అందింది. వాకిట్లోనే కూర్చుండిపోయి, కొంగు మొహానికి కప్పుకుంది. ఏడ్చిందో, స్తోత్రం చెప్పుకుందో. రెండూ అయ్యుంటాయి.

"క్షమించు ప్రేమమ్మా" అన్నాడు శ్రీకృష్ణ, తలెత్తకుండా. "రేపు కంపెనీ వాళ్ళకు నేనే చెప్పేస్తాను. చేలో కాయ మొత్తం కిందపోసి తగలబెట్టేస్తాను. ఆ కాయ రెండు వారాల దాకా మనిషి నోట పెట్టకూడదు. కడిగినా పోదది. ఒక్క కాయ కూడా బయటికి పోనివ్వను."

ప్రేమమ్మ కొంగు మొహం మీదినుంచి జారింది.

ఆ కొంగు మీద మిరప మరకలున్నాయి. శుక్రవారం నాటివి. ఆమె వాటివైపు చూసింది. తర్వాత తన ఒడి వైపు చూసుకుంది. మొదటి కోత ఒడి కాయలు. సైమా ఒడి, ముఠాలో జానీబీ ఒడి, ఫెబా ఒడి. సైమా మోచేతుల దాకా ఎరుపు. వందమందికి సరిపోద్ది.

"పోయినయి బాబూ" అంది. "కాయలు బయటికి పోయినయి."

"ఎక్కడికి?"

జవాబు మైకు చెప్పింది. పాస్టరు గారి గొంతు డాబాల మీదుగా, చేల మీదుగా హాయిగా తేలివస్తోంది: "మొదటి బంతికి అందరూ కూర్చోండమ్మా, చిన్నపిల్లల్ని ముందు కూర్చోబెట్టండి. ఈ పూట పచ్చడి మన ఫెబా ఒడి కాయలది. ఆమె పేరు తలచుకుని ప్రతి ఒక్కరూ ఒక్క ముద్దయినా తినాలి..."

ప్రేమమ్మ లేచింది. చెప్పులు అక్కడే వదిలేసింది. వెనక శ్రీకృష్ణ బండి తాళాల కోసం లోపలికి పరుగెత్తడం, సుబ్బరావమ్మ "అయ్యో దేవుడా" అని గుండెలు బాదుకోవడం ఆమెకు వినపడుతూనే ఉన్నాయి. సైమాకు ఫోను కొట్టింది. మోగుతోంది. పచ్చడి చేతులతో ఫోను ఎవరెత్తుతారు? పరుగెత్తుతూనే మళ్ళీ కొట్టింది. వీధి మలుపు దాటితే చెరువు కట్ట, కట్ట దాటితే పేట, పేట మొదట్లో చర్చి. ఒక్కటే ఆశ. ముద్ద నోట పెట్టే ముందు ప్రార్థన ఉంటుంది. మార్కు పాస్టరు గారి ప్రార్థన. అన్నం చల్లారిపోయేదాకా వదలని ప్రార్థన. ఎన్నోసార్లు తను కూడా విసుక్కున్న ప్రార్థన. ప్రభువా, ఇవాళ ఆయన్ని ఆపమాక, పొడుగ్గా చెయ్యనియ్యి, సాయంత్రం దాకా చెయ్యనియ్యి, అనుకుంటూ పరుగెత్తింది.

మైకు గరగరమంది.

"పిల్లలు ఆకలి మీద ఉన్నారు" అన్నారు పాస్టరు గారు నవ్వుతూ. "ఇవాళ క్లుప్తంగా ముగిద్దాం. ఆమేన్."